ఆదివారం పూట మొత్తుకునే బ్రేకు

బ్రేకులు చూడటం నా బతుకుతెరువు. నారాయణఖేడ్ బస్సు డిపోలో పద్దెనిమిదేళ్లుగా అదే పని. సిర్గాపూర్ నుంచి వచ్చిన బస్సు గేటు దగ్గర ఆగిన తీరు చెవిన పడితే చాలు, ఏ చక్రం దగ్గర ఏం అరిగిందో కళ్లు మూసుకుని చెబుతాను. గొప్పలు పోతున్నాడు అనుకుంటే అనుకోండి, ఉన్న మాటే. అటువంటివాడి సొంత మోటారు సైకిల్ వెనక బ్రేకు మాత్రం మూడేళ్లపాటు దారిన పోయేవాళ్లంతా తల తిప్పి చూసేలా కీచుమంది.

డిపోలో నన్ను ఏడిపించని మనిషి లేడు. బోరంచ నుంచి డ్యూటీకి వచ్చే డ్రైవరు ఒకడు సోమవారం పొద్దున్నే మొదలుపెట్టేవాడు. "ఏందన్నా, నిన్న మీ గుడి కాడ నీ బండి మొత్తుకుంటే మా ఊర్ల నల్లపోచమ్మ కాడికి వినవడ్డది." నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. పని తెలిసి కూడా చేసుకోని బద్ధకస్తుడని వాళ్ల లెక్క. అసలు సంగతి వాళ్లకు తెలియదు. ఆ మోతను నేను కావాలనే కాపాడుకుంటూ వచ్చాను.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. నా బండిలాంటి పాత బండ్లకు వెనక చక్రం నడిమధ్యలో గుండ్రటి డ్రమ్ము ఉంటుంది. పెడలు తొక్కితే లోపలున్న రెండు షూలు విచ్చుకుని డ్రమ్ము గోడలకు ఒత్తుకుంటాయి, ఆ ఒరిపిడికే చక్రం ఆగుతుంది. దుమ్ము చేరినా, షూల పైపొర నున్నబడినా ఒత్తుకున్నప్పుడల్లా కీచుమంటుంది. చక్రం విప్పి, దుమ్ము దులిపి, గరుకు కాగితంతో షూలను నాలుగు రుద్దులు రుద్ది బిగిస్తే నోరు మూసుకుంటుంది. నాకది అరగంట పని, మధ్యలో చాయ్ తాగినా.

మరి ఎందుకు చేసుకోలేదంటే, దానికి ఢోలక్ కథ చెప్పాలి.

తాతల కాలం నుంచి మాది చర్చికి పోయే ఇల్లు. మా అమ్మ చర్చిని ఈనాటికీ గుడి అనే అంటుంది, పాస్టరును అయ్యగారు అంటుంది. మీసాలు రాకముందు నుంచి అక్కడ ఢోలక్ వాయించేది నేనే. నా చెయ్యి పడితే వెనక వరసలో కునికే ముసలాయన కూడా లేచి చప్పట్లు కొట్టేవాడు. తొమ్మిదేళ్ల కిందట మా గుడికి కీబోర్డు వచ్చింది. మీట నొక్కితే దానంతట అదే తాళం వేస్తుంది. మొదటి ఆదివారం ఆ తాళం ఒక దారి, నా ఢోలక్ ఒక దారి అయ్యాయి. తప్పు యంత్రానిదేనని నేను ఇప్పటికీ అంటాను.

మా సంఘ పెద్ద లెక్కల మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకు ఏదైనా సరిగ్గా సమానం కావాలి. పాట మధ్యలో చెయ్యెత్తి ఆపి అందరి ముందూ అన్నాడు.

"తమ్మీ, నీ ఢోలక్ ఇగ పక్కకు వెట్టు. గీ మిషిన్ల అన్ని తాళాలున్నయి."

నాకు కోపం రావడం చాలా తేలిక, పోవడమే కష్టం. ఢోలక్ భుజాన వేసుకుని లేచాను. గడప దాటి వెనక్కి తిరిగి, "ఈ గడప నా కాలు మళ్ల తొక్కదు" అని అయ్యగారితో సహా అందరూ వినేలా చెప్పి వచ్చేశాను. రెండు మూడు వారాల్లో ఎవరో ఒకరు వచ్చి బతిమాలతారని అనుకున్నాను. ఎవరూ రాలేదు. ఎవరూ రాకపోయేసరికి నాకు ఇంకా కోపం పెరిగింది.

అయితే అమ్మను గుడికి దించే పని మాత్రం తప్పదు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను పెళ్లి చేసుకోలేదు, నీ మొండితనాన్ని భరించే పిల్ల ఇంకా పుట్టలేదని అమ్మ అంటుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, నడవలేదు. ప్రతి ఆదివారం ఆమె నా వెనక ఒక పక్కకు కూర్చుని, పాటల పుస్తకం సంచి ఒళ్లో పెట్టుకుని, నా భుజం పట్టుకుని వచ్చేది. గేటు దగ్గర దిగి ఒకే మాట అనేది.

"లోపటికి రారాదు కొడుకా."

"బండినెవలు సూస్తరు?"

ఇది మా ఇద్దరి మధ్య ప్రతివారం జరిగే ముచ్చట, ఒక్క అక్షరం మారేది కాదు. ఆమె తలమీద కొంగు కప్పుకుని మెల్లగా నడిచి లోపలికి పోయేది. నేను గేటు లోపలే ఉన్న వేపచెట్టు కింద బండి ఆపి, రెండు గంటలు ఫోను చూసుకుంటూ కూర్చుని, మళ్లీ ఆమెను ఎక్కించుకుని వచ్చేవాణ్ణి. నేను లోపలికి వచ్చి తనతో పాటు కూర్చోవాలి, అంతే, ఆమెకు నా దగ్గర ఇంకో కోరిక లేదు. చీర అడగదు, ఊళ్లు తిప్పమనదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే మొండికేశాను.

ఇక బ్రేకు సంగతి. మూడేళ్ల కిందట ఒక ఎండాకాలం ఆదివారం, దుమ్ముకో ఏమో, గేటు దగ్గర పెడలు తొక్కగానే వెనక చక్రం కీ...చ్ అని గొంతు చించుకుంది. అప్పుడే లోపల అయ్యగారు, "ఒక్క నిమిషం మౌనంగ ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. మైకులో నాకు బయటికి కూడా వినిపించింది. గుడంతా ఊపిరి బిగబట్టిన ఆ నిమిషంలో నా బండి పాడింది. తలుపు దగ్గర నిలబడ్డ సంఘ పెద్ద ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఆ మొహం చూశాక నాకు కడుపు నిండింది. ఆరేళ్లుగా వెతుకుతున్న జవాబు నా కాలి కిందే ఉంది.

ఆ రోజు నుంచి నేను దాని మీద కష్టపడ్డాను. డిపోలో బస్సు బ్రేకుల మీద కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. పెడలు గట్టిగా తొక్కితే ఒక్క కూత వేసి ఆగిపోతుంది. బొటనవేలితో మెల్లగా అదిమితే సన్నగా, పొడుగ్గా, గేటు మొదలు నుంచి చెట్టు దాకా సాగుతుంది. మా గుడి రోడ్డుకు కొంచెం పల్లంలో ఉంటుంది. రోడ్డు మలుపు దగ్గరే ఇంజను ఆపేసి న్యూట్రల్లో జారుకుంటూ వస్తే వేరే చప్పుడేదీ ఉండదు, మోత ఒక్కటే శుభ్రంగా వినిపిస్తుంది. పెట్రోలు కలిసొస్తుందని అమ్మకు చెప్పాను. సమయానికి మౌన ప్రార్థనకే చేరుకోవాలి కాబట్టి ఇంటి దగ్గర తాళంచెవి వెతికేవాణ్ణి, టైరులో గాలి చూసేవాణ్ణి, ఉన్న చొక్కా మార్చుకునేవాణ్ణి. అమ్మ వాకిట్లో నిలబడి, "జల్దీ రారా, ఆలిశమైతుంది" అని మొత్తుకునేది. వారాలు గడిచేకొద్దీ గడియారం చూడకుండానే ఆ నిమిషాన్ని అందుకోవడం నేర్చుకున్నాను.

ఒకరోజు సంఘ పెద్ద డిపోకే వచ్చాడు. గొడుగు చంకలో పెట్టుకుని నేను బస్సు కింద నుంచి బయటికి వచ్చేదాకా నిలబడ్డాడు.

"తమ్మీ, గింత పెద్ద బస్సుల బ్రేకులు సూస్తవు. నీ బండి బ్రేకు జెర సూస్కోరాదు?"

చేతుల గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ చెప్పాను. "దాన్ల అన్ని తాళాలున్నయి పెద్దాయనా."

ఆయన గొడుగు విప్పుకుని ఎండలో పోయాడు. ఆ రోజు సాయంత్రం దాకా నేను ఈల వేసుకుంటూ పని చేశాను. ఇంటికొచ్చి అమ్మకు చెబితే ఆమె నవ్వలేదు. "గుళ్లె అందరు నా మొకం సూస్తుండ్రురా. బండి నీది, సిగ్గు నాది" అంది. ఆ మాట నేను వినీ విననట్టు ఊరుకున్నాను. పాపం అనిపించలేదని కాదు. అనిపించింది. కానీ పెద్దాయన మొహం గుర్తొచ్చి ఆ పాపాన్ని పక్కకు నెట్టాను.

ఈ ఏడు కోత పండుగ వచ్చింది. పంట ఇంటికి వచ్చాక మా గుడికి ఎవరి పొలంలో పండింది వాళ్లు తెచ్చి పెడతారు. జొన్న కట్టలు, కందులు, గుమ్మడికాయలు, కోళ్లు. ఈసారి బయటి నుంచి ఒక పెద్ద అయ్యగారిని వాక్యం చెప్పడానికి పిలిచారు. ముందు ఆదివారం అమ్మ గుడి నుంచి వచ్చేటప్పుడు దారంతా మాట్లాడలేదు. ఎందుకో నేను అడగలేదు. తర్వాత తెలిసింది. సంఘ పెద్ద ఆమె దగ్గరికి వచ్చి, "అక్కా, వచ్చే వారం కొత్త అయ్యగారొస్తుండు. నీ కొడుకును బండి రోడ్డు మీదనే ఆపమను. నువ్వు జెర నడుసుకుంట రా" అన్నాడట. ఆ మోకాళ్లతో నడవాలి, లేదా నాతో చెప్పాలి. నాతో చెబితే నేను ఇంకో రెండు కూతలు ఎక్కువ పెట్టిస్తానని ఆమెకు తెలుసు. అందుకని మూడో దారి వెతుక్కుంది.

మా ఇంట్లో కిర్రుమని మొర్రే ప్రతిదానికీ మందు ఒక్కటే, కుసుమ నూనె. తలుపు మొర్రినా, నులక మంచం మొర్రినా, కుట్టు మిషను మొర్రినా సీసా మూత తీసి రెండు చుక్కలు వేస్తుంది, అది నోరు మూసుకుంటుంది. శనివారం నేను డ్యూటీలో ఉండగా ఆమె పక్కింటి పిల్లాడి బండి మీద బజారుకు పోయి, ఎప్పుడూ నూనె తెచ్చే దుకాణంలో అడిగింది. దుకాణాయనది కన్నడం మాట్లాడే ఇల్లు, నూనె గానుగ వాళ్ల తాతల నాటిది. బండి మొర్రుతుందంటే ఆయన కూడా తన సరుకు మీద నమ్మకంతోనే చెప్పాడట, "స్వల్ప ఎణ్ణె హాకు అమ్మా, సరి ఆగ్తద." కొంచెం నూనె వెయ్యమ్మా, బాగవుతుందని. నూనె వెయ్యమన్నది ఆమెకు అర్థమైంది. కొంచెం అన్నది అర్థం కానట్టుంది.

సాయంత్రం నేను బండి పెట్టి స్నానానికి పోయినప్పుడు ఆమె పీట వేసుకుని వెనక చక్రం పక్కన కూర్చుంది. మోత ఎక్కడి నుంచి వస్తుందో మూడేళ్లు వెనక కూర్చుని విన్న మనిషి, చోటు సరిగ్గానే పట్టింది. డ్రమ్ము అంచున సందులోకి, బ్రేకు కడ్డీ లోపలికి పోయే చోట, సీసా ఒంచి పోసింది. రెండు చుక్కలు కాదు, పావు సీసా. మూడేళ్ల మోత కదా, మందు ఎక్కువే కావాలనుకుంది. కారిన నూనెను చీర చెంగుతో తుడిచి, సీసా దాచి, ఏమీ ఎరగనట్టు అన్నం పెట్టింది.

బ్రేకు పని చేసేదే ఒరిపిడితో. దానికి నూనె పోయడమంటే దాని ప్రాణం తీయడమే. ఈ ముక్క డిపోలో ఊడ్చేవాడికి కూడా తెలుసు. మా ఇంట్లోనే ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం పొద్దున ఎప్పటిలాగే తాళంచెవి వెతికి, చొక్కా మార్చి, అమ్మ చేత నాలుగు తిట్లు తిని బయలుదేరాను. ఇంటి నుంచి గుడికి దారి ఖాళీగా ఉంటుంది. గేర్లతోనే నెట్టుకొచ్చేవాణ్ణి. పైగా మోతను దారిలో పారబోయకుండా గుడి కోసమే దాచేవాణ్ణి. ముందు బ్రేకు తీగ తెగి ఏడాది దాటింది, అది ఉన్నా లేనట్టే. వేరేవాడి బండి అట్లా ఉంటే నేను వాణ్ణి నిలబెట్టి తిట్టేవాణ్ణి.

మలుపు దగ్గర ఇంజను ఆపేశాను. బండి పల్లంలోకి జారింది. లోపల మైకులో అయ్యగారు, "మౌనంగ ప్రార్థన చేసుకుందాం" అనడం వినబడింది. సమయం ఇంత సరిగ్గా ఎప్పుడూ కుదరలేదని మురిసిపోతూ గేటు మొదట్లో బొటనవేలితో పెడలు అదిమాను.

చప్పుడు లేదు.

ఇంకొంచెం అదిమాను. లేదు. పూర్తిగా తొక్కాను. పెడలు గట్టిగానే తగిలింది, కానీ చక్రం నా మాట వినడం మానేసింది. వెనక నుంచి అమ్మ ఆనందంగా, "సప్పుడు వోయిందిరా!" అంది.

"సప్పుడే కాదే, బ్రేకు వోయింది!"

గేటు దాటిపోయాం. వేపచెట్టు పక్క నుంచి వెళ్లిపోయింది. రెండు కాళ్లూ నేల మీద రాశాను, ఒక చెప్పు ఊడి వెనక ఉండిపోయింది. ముందు గుడి మెట్లు. మెట్ల పక్కన ముసలివాళ్ల కోసం ఈ మధ్యే సిమెంటుతో ఏటవాలు బాట పోశారు. మెట్లకు గుద్దుకోవడం కంటే అదే నయమని హ్యాండిలు అటు తిప్పాను. బండి ఎక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ నెమ్మదించి, తెరిచి ఉన్న తలుపులోంచి ముందు చక్రాన్ని లోపలికి పంపి, గడప లోపల పేర్చిన జొన్న కట్టలకు ఆనించి ఆగింది. వాటి పక్కన కాళ్లు కట్టి పడేసిన కోడి ఒకటి గుడి పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది.

నాలుగు వందల కళ్లు నా వైపు తిరిగాయి. కోడి తప్ప ఎవరూ మాట్లాడలేదు. నా బుర్ర అప్పుడు కూడా న్యాయం చూసుకుంటూనే ఉంది. లోపలికి పోయింది చక్రం, కాలు కాదు. నేను అన్న మాట నిలబడే ఉంది.

అంతలో బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఏటవాలు బాట, బ్రేకు లేదు, వెనక ఒక పక్కకు కూర్చున్న అమ్మ. ఆమె రెండు చేతులూ నా నడుము చుట్టూ బిగుసుకున్నాయి. ఆలోచించడానికి ఏమీ లేదు. నా కుడికాలు గడప దాటి లోపలి బండ మీద పడి, అక్కడే పాతుకుపోయింది. సంఘ పెద్ద పరుగెత్తుకొచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు. ఆ వయసులో ఆయన అంత వేగంగా కదులుతాడని నేను అనుకోలేదు. ఇద్దరు ఆడవాళ్లు అమ్మను దించారు. బండిని బయటికి దొర్లించి గోడకు ఆనించాం.

నేను వంగి డ్రమ్ము ముట్టుకున్నాను. వేలు జిడ్డుగా మెరిసింది. వాసన చూశాను. ఇంట్లో రోజూ తినే నూనె వాసనే.

"దీన్ల నూనె ఎవడు వోసిండు?" అని గడప మీద నిలబడి అరిచాను. నేనెక్కడున్నానో, అది ఏ సమయమో గుర్తు లేదు.

"నేనే వోసిన" అంది అమ్మ లోపలి నుంచి. "ఏం జేస్తవు?"

"బ్రేకుకు నూనె వోస్తరా ఎవలన్న? మన పాణాలు వోతుండె!"

"తలుపుకు వోస్తిమి, మంచానికి వోస్తిమి. దీనికి వొయ్యద్దని నువ్వెన్నడన్న జెప్పినవా? మూడేండ్ల సంది మొత్తుకుంటుంటె బాగుజేసినవా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. కొత్త అయ్యగారు కళ్లు తెరవాలో మూసుకోవాలో తెలియక మా అయ్యగారి వైపు చూశాడు. మా అయ్యగారు మైకు ముందుకు వంగి, చాలా మామూలుగా, "బండి వచ్చింది. ఆమెన్. పాట మొదలువెట్టండి" అన్నాడు. గుడంతా ఒక్కసారిగా నవ్వింది.

నాకు ఏమీ అర్థం కాలేదు. సంఘ పెద్ద నా పక్కన నిలబడి ఆయాసపడుతూ చెప్పాడు. "మౌన ప్రార్థన అయిపోయిందని గీ మూడేండ్ల సంది నీ మోతతోనే ఆమెన్ జెప్తున్నం తమ్మీ. గడియారం గుడ అంత కచ్చితం లేదు. ఇయ్యాల నీ సప్పుడు రాకుంటె కీబోర్డాయన వేళ్లు మీటల మీద వెట్టి గట్లనే కూసుండె."

"మరి డిపోకొచ్చి బాగు జేసుకొమ్మంటివి?"

"అప్పుడు కోపమే. తర్వాత అలవాటైంది. మొన్న కొత్త అయ్యగారు ఏమనుకుంటడోనని మీ అమ్మకు జెప్పిన, గంతె."

మూడేళ్లు వాళ్ల ప్రార్థన చెడగొడుతున్నానని మురిసిపోయాను. మూడేళ్లు వాళ్ల గంట కొట్టాను, ఒక్క ఆదివారం సెలవు పెట్టకుండా. ఇంతకంటే ఎవరైనా నన్ను చెట్టుకు కట్టేసి కొట్టినా బాగుండేది. తిరిగి పోదామని గడప వైపు చూశాను, కానీ ఒక కాలికి చెప్పు లేదు, బండికి బ్రేకు లేదు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఇగ కూసో."

ఆడవాళ్లు ఎడమ వైపు చాపల మీద కూర్చుంటారు. అమ్మ చోటు ముందు చాప, అయ్యగారికి దగ్గరగా. నేను చిన్నప్పటి నుంచి చూసింది అదే. ఆమెను అక్కడికి నడిపిద్దామని అడుగు వేశాను. ఆమె కదల్లేదు. తలుపు పక్కనే గోడవారగా ఉన్న చివరి బెంచీ మీద కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది.

"ముందటికి పోవా?"

"నా జాగ ఇదే."

"ఎప్పటి సంది?"

"నువ్వు బయట కూసున్న కాడి సంది."

మోకాళ్ల వల్లనేమో అనుకుని పక్కన కూర్చున్నాను. కూర్చుని తల తిప్పితే తలుపులోంచి గేటు, గేటుకు ఇవతల వేపచెట్టు, దాని కింద నేను తొమ్మిదేళ్లుగా కూర్చునే చోటు, అడ్డం ఏమీ లేకుండా కనిపించాయి. బయటి నుంచి చూస్తే ఈ తలుపులో చీకటి తప్ప ఏమీ కనబడదు. నేను ఎన్నోసార్లు చూశాను.

"ఈడికెల్లి గంత కనవడ్తదా?" అన్నాను.

"అంత కనవడ్తది. నువ్వు చెట్టెనుక నిలవడి సిగరెట్ తాగేది గుడ."

నలభై ఆరేళ్లు వచ్చాయి, అయినా చెవులు వేడెక్కాయి. ఏదో అబద్ధం చెప్పబోయాను. అమ్మ వినకుండా పాటల పుస్తకంలో పేజీ వెతుకుతూ నెమ్మదిగా చెప్పింది.

"పదకొండు గొట్టంగ నీడ జరుగుతది. ఎండ అచ్చి నీ నెత్తి మీద వడ్తది. జరిగి కూసుంటవేమోనని సూస్తుంట. నువ్వు గా ఫోన్ల మొకం వెట్టి గట్లనే కూసుంటవు. నా బిడ్డ ఎండల కూసుండెనని నాకీడ పాట ఎక్కది, వాక్యమెక్కది."

తొమ్మిదేళ్లు నేను ఎవరిని సాధిస్తున్నానని అనుకున్నానో, వాళ్లు నా మోతకు ఆమెన్ చెప్పుకుని హాయిగా పాటలు పాడుకున్నారు. సాధింపు మొత్తం పడింది ఈమె మీద. ముందు చాప వదులుకుని, వాక్యం వదులుకుని, ప్రతి ఆదివారం రెండు గంటలు తలుపు వైపు తిరిగి కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. చెప్పు వెతుక్కుంటున్నట్టు బెంచీ కిందికి వంగాను. చెప్పు బయట బాట మీద పడి ఉందని అందరికీ తెలుసు, అమ్మకు కూడా. ఆమె నా వీపు మీద చెయ్యి వేసింది.

తల ఎత్తేసరికి పాట మొదలైంది. నేను తలుపులోంచి బయటికి చూశాను. చెట్టు కింద నీడ అప్పటికే జరగడం మొదలైంది. అమ్మ అటు చూడలేదు. పుస్తకం కళ్లకు దూరంగా పట్టుకుని, ముందుకు తిరిగి, గట్టిగా పాడుతోంది.